పొయ్యి లేని వంటావిడ

మా వీధిలో క్యాంటీన్ అత్తయ్య అంటే తెలియనివారు లేరు. నిజానికి ఆవిడ కళ్లద్దాల షాపాయన పిల్లలకు మాత్రమే మేనత్త. కానీ ఆ పిల్లలు ఆవిడను వీధి చివరినుంచి కేకేసి పిలిచేవారు కావడంతో, ఆ వరస క్రమంగా ప్రజల ఆస్తి అయిపోయింది. వయసులో ఆవిడకంటే చాలా పెద్దవారైన మా వీధి సంఘం అధ్యక్షులవారు కూడా ఒకసారి పరధ్యానంలో "అత్తయ్యగారూ" అన్నారు. ఆవిడ "ఏం అల్లుడూ" అనలేదు. ఆవిడ ఎంత మర్యాదస్తురాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆవిడ ఉద్యోగం బల్బుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో. అక్కడ పెద్ద వంటావిడ. తెల్లకోటు, తలకు గుడ్డ, చేతిలో తెడ్డంత గరిటె. వరసగా వెలిగే పొయ్యిల మధ్య ఆవిడ నడుస్తుంటే సైన్యాధిపతి దండును పరీక్షిస్తున్నట్టుండేదని చూసినవారు చెప్పారు. రుచి చూసేది కాదు. గిన్నెకు కాస్త దూరంగా నిలబడి, ఉడికే చప్పుడు విని, "ఆ మూలది మంట తగ్గించు" అనేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఆ ఆవిరిలో ఎవరూ కనపడలేదమ్మా" అనేది. అంతటితో ఆ ప్రస్తావన ముగిసేది.

ఇన్ని మంటలను చెప్పుచేతల్లో పెట్టుకున్న మనిషికి సాయంత్రం ఇంటికొస్తే ఒక్క మంట కూడా లేదు. అత్తయ్యకు పొయ్యి లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు ఇల్లంటే ఏమిటో చెప్పాలి.

ఇల్లంటే ఏమిటన్న ప్రశ్నకు కవులు, వేదాంతులు, అద్దెకిచ్చేవారు తలొక రకంగా జవాబు చెప్పారు. నగరపాలక సంస్థ వీరెవరి మాటా వినలేదు. దాని నిబంధనల ప్రకారం పొయ్యి ఉన్నది ఇల్లు. పొయ్యి లేనిది గది కావచ్చు, షెడ్డు కావచ్చు, సామాన్ల కొట్టు కావచ్చు. ఇల్లు మాత్రం కాదు. ఒక స్థలంలో ఒక ఇల్లే ఉండాలి. కాబట్టి ఒక స్థలానికి ఒక పొయ్యి. కళ్లద్దాల షాపు అన్నయ్య ఇంటి పెరట్లో, పూర్వం స్కూటరూ విరిగిన కుర్చీలూ ఉండిన షెడ్డులో, మంచమూ బీరువా కిటికీ తెరా పెట్టుకుని అత్తయ్య ఏళ్ల తరబడి కాపురమున్నా, చట్టం దృష్టిలో ఆవిడ అక్కడ లేదు. ఆవిడ చుట్టపుచూపుగా వచ్చింది.

ఈ చుట్టపుచూపు జబ్బు అన్నయ్య ఇంటికే పరిమితమని ఎవరూ అనుకోకూడదు. మాది పాత పేట. వీధిలోకి చిన్నగా కనబడే ఇళ్లు, వెనక పొడుగాటి పెరళ్లు, పెరడు చివర షెడ్లు. నగరంలో అద్దెలు పెరిగేకొద్దీ ఆ షెడ్లలో చుట్టాలు మొలిచారు. పళ్ల డాక్టరమ్మగారి షెడ్డులో వాళ్ల పిన్నిగారు. మూలింట్లో పెళ్లయిన మేనల్లుడూ అతని భార్యా. సాక్షాత్తూ అధ్యక్షులవారి కారు షెడ్డులో, కారు ఎండలో ఉండగా, వారి బావమరిది. వీరందరూ నాలుగు రోజులుండి పోదామని వచ్చినవారే. నాలుగు రోజులు ఎప్పటికి పూర్తవుతాయో నిబంధనల్లో రాయకపోవడం మా అదృష్టం.

పొయ్యి ముందింట్లో, మనిషి వెనక షెడ్డులో. మధ్యన పెరడు. అందుచేత మా వీధిలో ఒక ఆచారం ఏర్పడింది. వంట కాగానే ముందింటి ఇల్లాలు వంటింటి గుమ్మంలో నిలబడి పళ్లెం మీద గరిటెతో కొడుతుంది. షెడ్డులోవారు అది విని వచ్చి తింటారు, లేదా మూత పెట్టిన గిన్నె పట్టుకెళ్తారు. ఎవరి దరువు వారిది. ఒక ఇంట్లో రెండు దెబ్బలు, ఒక ఇంట్లో మూడు, డాక్టరమ్మగారింట్లో ఒక్కటే, కానీ పళ్లు జివ్వుమనేలా. పక్కింటి దరువుకి లేచి వచ్చిన చుట్టం ఈ వీధి చరిత్రలో లేదు. మధ్యాహ్నమయ్యేసరికి వెనక సందంతా కంసాలి వీధిలా మోగేది. కానీ మాకెవరికీ వినిపించేది కాదు. సొంతింటి గోడగడియారం చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

అత్తయ్యకు పళ్లెం కొట్టేది వదిన. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే మనిషి కాబట్టి ఆవిడ దరువు స్టాంపు గుద్దినట్టుండేది. వదినకు ఆడపడుచంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఆవిడ వంట ద్వారా తెలియజేసేది. ఆ వంట గురించి నేనేమీ చెప్పను. ఆవిడ వండిన కూరలో ఏ కాయ ఉందో చెప్పాలంటే బుట్టలో ఏ కాయ తగ్గిందో చూడాలని డాక్టరమ్మ అన్నట్టు వినికిడి, నేను నమ్మను. వందల మందికి వండి వచ్చిన అత్తయ్య ఆ కూరను ఏళ్ల తరబడి, నుదుటిమీద ఒక్క ముడత రానివ్వకుండా తిన్నది. వీరత్వానికి పతకాలిచ్చేవారు ఇలాంటివి గమనించరు.

ఒకనాటి సాయంత్రం భోజనాల దగ్గర అత్తయ్య, "వదినా, ఒక మాట," అంది.

"చెప్పు. కూర ఇంకొంచెం వెయ్యనా?"

"వద్దు. ఫ్యాక్టరీ వాళ్లు ఇంకో ఊళ్లో కొత్త క్యాంటీన్ తెరుస్తున్నారు. నన్ను వచ్చి నడపమంటున్నారు. క్వార్టర్సు ఇస్తారట. రెండు గదులు, వంటిల్లు."

వదిన చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. "వంటిల్లా? పొద్దంతా వండింది చాలక ఇంటికొచ్చి కూడా వండుకుంటావా? ఇక్కడ నేను లేనా?"

"నువ్వున్నావు. పొయ్యి లేదు."

"నా వంట బాగోలేదని చెప్పు, సరిపోతుంది."

"బాగోలేదని నేనెప్పుడన్నా అన్నానా?"

"అనలేదు. బాగుందని కూడా అనలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి."

అన్నయ్య కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఊరందరికీ లోకాన్ని స్పష్టంగా చూపించడం ఆయన వృత్తి. సొంతింట్లో ఏదైనా స్పష్టంగా కనబడే ప్రమాదం ఏర్పడితే మాత్రం వెంటనే అద్దాలు తీసేస్తాడు.

"వంట సంగతి కాదు వదినా," అంది అత్తయ్య. "పొద్దున్నే నాకు టీ తాగాలనిపిస్తుంది. గుమ్మంలో నిలబడి మీ వంటింట్లో దీపం వెలిగిందా లేదా అని చూస్తాను. వెలగకపోతే మళ్లీ పడుకుంటాను. నిద్ర రాదు. నాకు తోచినప్పుడు నాలుగు నీళ్లు కాచుకోవాలని ఉంది. ఈ వయసుకి అది పెద్ద కోరికా?"

వదిన గరిటె మళ్లీ కదిలింది. అత్తయ్యకు కూర ఇంకొంచెం వేసింది.

పిల్లలిద్దరూ అత్తయ్య వెళ్లిపోతుందని విని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్లు మాట్లాడకపోవడమంటే ఏమిటో వీధిలో అందరికీ తెలిసింది. అంత నిశ్శబ్దం చూసి ఇంట్లో ఎవరికైనా బాగోలేదేమోనని పలకరించడానికి వచ్చినవారున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నగరపాలక సంస్థకు జ్ఞానోదయమైంది. ఊళ్లో ఇళ్లు చాలడం లేదు, పాత పేటల్లో పెరళ్లు ఖాళీగా ఉన్నాయి, కాబట్టి ఇంటి వెనక ఇంకొక చిన్న ఇల్లు కట్టుకోవచ్చు, అందులో పొయ్యి కూడా పెట్టుకోవచ్చు అని కొత్త నిబంధన తెచ్చింది. ఈ వార్త అన్నయ్యకు షాపులో తెలిసింది. చత్వారపు అద్దాలకోసం వచ్చినాయన చదవడానికి వీలవుతుందో లేదో చూసుకుందామని పేపరు గట్టిగా చదివాడట. అద్దాలు కుదిరాయి. అన్నయ్య షాపు ముందుగానే మూసి ఇంటికి పరుగెత్తాడు.

అత్తయ్య అంతా విని, "సరే అన్నయ్యా. పొయ్యికి అనుమతి ఇస్తే ఉంటాను. ఇవ్వకపోతే వెళ్తాను. నెలాఖరులోపు వాళ్లకి నా మాట చెప్పాలి," అంది. గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. క్యాంటీన్‌లో పాలు వస్తే టీ, రాకపోతే లేదు అని చెప్పినట్టు చెప్పింది.

ఆ నిబంధనకు ఒక తోక ఉంది. కొత్త ఇంటివల్ల "వీధి స్వభావానికి భంగం కలగరాదు." భంగం కలుగుతుందని వీధివారు అంటే, ఆఫీసునుంచి ఇంజనీరు వచ్చి స్వభావాన్ని స్వయంగా చూసి తేల్చాలి.

మా అధ్యక్షులవారు తర్కశాస్త్రం బోధించి రిటైరైన లెక్చరరు. ఆయన వరండాలో అత్యవసర సమావేశం జరిగింది.

"ఇవాళ ఒక పెరట్లో పొయ్యి," అన్నారాయన. "రేపు ప్రతి పెరట్లో పొయ్యి. ఎల్లుండి వీధిలో కారు ఆపుకోవడానికి చోటుండదు."

"మా చెల్లెలికి కారు లేదండీ," అన్నాడు అన్నయ్య. "సైకిలే."

"మనం సూత్రం గురించి మాట్లాడుతున్నాం, సైకిలు గురించి కాదు."

పళ్ల డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "మరి మీ బావమరిదిగారి సంగతేంటండీ?"

"ఆయన చుట్టం."

"జుట్టు నల్లగా ఉన్నప్పుడు వచ్చారు కదండీ."

"చుట్టాలకి జుట్టు తెల్లబడకూడదని ఎక్కడా రాసిలేదు."

ఈ తర్కానికి ఎదురులేదు. ఆయనను తప్పుపట్టాలని కూడా ఎవరికీ లేదు, ఎందుకంటే ఆయన భయమే మా అందరి భయం. మాకు అత్తయ్య పొయ్యితో పేచీ లేదు. కానీ ఇంజనీరన్నవాడు ఒక పెరట్లోకి వస్తే పక్క పెరట్లోకి తొంగిచూడకుండా ఉంటాడా? కొత్తగా కట్టేవాటికి అనుమతి ఇస్తారు సరే, ఇన్నాళ్లూ దాచినవాటిని ఏం చేస్తారు? బావమరిదిని కూల్చరు గాని షెడ్డును కూల్చవచ్చు. అందుచేత అత్తయ్యంటే ఎనలేని గౌరవమున్న వీధి, ఆవిడ పొయ్యికి అభ్యంతరం చెప్పింది. అన్నయ్య తప్ప అందరం చెయ్యెత్తాం. వదిన ఆరోజు తలనొప్పిగా ఉందని సమావేశానికి రాలేదు.

మర్నాడు అత్తయ్య అలవాటు ప్రకారం సైకిలు మీద వెళ్తూ మాలో ప్రతి ఒక్కరినీ పలకరించింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

తనిఖీకి ఆదివారం మధ్యాహ్నం అనువైనదని అధ్యక్షులవారే సూచించారు. సెలవురోజు, ప్రశాంతం, స్వభావం ప్రస్ఫుటంగా ఉంటుంది. వీధికి ఆజ్ఞలు వెళ్లాయి: షెడ్ల తలుపులు మూసి ఉండాలి, తెరలు దించి ఉండాలి, దండేల మీద ఎవరివో తెలియని చొక్కాలు ఉండకూడదు, చుట్టాలు లోపలే కూర్చుని ఆలోచించుకోవాలి. అందరం తు.చ. తప్పకుండా పాటించాం. ఇన్ని జాగ్రత్తలు చెప్పిన మేధావికి పళ్లేల సంగతి తట్టలేదు. ఆయనకే కాదు, ఒక్కరికీ తట్టలేదు. వినిపించని దాన్ని ఎవరు ఆపుతారు?

వచ్చిన ఇంజనీరు ఒక అమ్మాయి. బురద బూట్లు, మెళ్లో కొలతల టేపు, తక్కువ మాటలు. అధ్యక్షులవారు ఆమెను వెనక సందులోకి తీసుకెళ్లారు. వెనకే మేము. అన్నయ్య, అత్తయ్య ఒక పక్కగా నడుస్తున్నారు.

"గమనించారా ఈ ప్రశాంతత?" అన్నారు అధ్యక్షులవారు చెయ్యి చాచి. "ఇంటికొక కుటుంబం. కుటుంబానికొక ఇల్లు. తరతరాలుగా ఇదే మా వీధి స్వభావం. ఇందులో రెండో కుటుంబాన్ని ప్రవేశపెట్టడమంటే..."

టక్. టక్. టక్.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది ఇంజనీరమ్మ.

"ఏ చప్పుడు?" అన్నారు అధ్యక్షులవారు. ఇందులో నటన లేదు. ఆయనకు నిజంగానే వినిపించలేదు. మిగతావాళ్లం కూడా ఏ చప్పుడా అని ఆకాశం వైపు చూశాం. అది ఆయన సొంత వంటింటి గుమ్మంలోంచి వస్తోంది. ఆయన భార్య ఒక కన్ను గిన్నె మీద ఉంచి, రోజూ కొట్టినట్టే కొట్టింది.

కారు షెడ్డు తలుపు తెరుచుకుంది. బావమరిదిగారు బనీనుతో, చేతిలో ఖాళీ గిన్నెతో బయటికొచ్చారు. చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆగి, మర్యాదగా నవ్వారు.

"మీరెవరండీ?" అంది ఇంజనీరమ్మ.

"చుట్టాన్నమ్మా."

"ఎప్పుడొచ్చారు?"

ఆయన అబద్ధమాడి ఎరగడు. షెడ్డు పైకప్పు వైపు చూసి ఆలోచించాడు. "ఈ రేకులు వేయకముందే. వేయించింది నేనే."

ఈలోగా మూలింట్లో రెండు దెబ్బలు పడ్డాయి. మేనల్లుడు బయటికొచ్చాడు. డాక్టరమ్మగారింట్లో ఒకటి పడింది. డాక్టరమ్మ మాతోపాటు సందులోనే ఉండి "అయ్యో, మా ఆయన" అని గొణిగింది. పిన్నిగారు వచ్చేశారు. ఇటు టక్‌టక్, అటు టకటక. పెరడు తరవాత పెరట్లో తలుపులు తెరుచుకుని, గిన్నెలు పుచ్చుకుని, వీధి స్వభావం బారులు తీరి బయటికొచ్చింది.

"గాలికి ఏవో కొట్టుకుంటున్నాయి," అన్నారు అధ్యక్షులవారు. ఆకు కదలడం లేదు.

అందరిళ్లలోనూ మోగింది గాని అన్నయ్య ఇంట్లో మాత్రం మోగలేదు. అక్కడ వదిన పళ్లెం కొట్టలేదు. మూత పెట్టిన గిన్నె రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దిగి, పెరడు దాటి, తిన్నగా మా దగ్గరికొచ్చింది.

"ఇది ఎవరికండీ?" అంది ఇంజనీరమ్మ. అప్పటికి ఆమెకు జవాబు తెలుసు. చుట్టానికి అని వదిన అంటుందని మేమూ ఎదురుచూశాం.

"మా ఆడపడుచుకి," అంది వదిన. "ఆ షెడ్డులో ఉంటుంది. చుట్టం కాదు, కాపురమే. పెద్దవాడు బడిలో చేరకముందు నుంచీ ఉంటోంది. నేను పెట్టింది మాట్లాడకుండా తింటుంది పాపం, పొయ్యి ఉంటే వండుకునేదే." ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "దానికి పొయ్యి ఇవ్వండమ్మా. ఇవ్వకపోతే ఊరొదిలి వెళ్లిపోతానంటోంది. వెళ్తే నాకు కష్టం."

బావమరిదిగారు ఖాళీ గిన్నె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. అత్తయ్య, క్యాంటీన్ ఆవిరిలో కూడా రెప్ప కొట్టని మనిషి, వదిన చేతిలో గిన్నె అందుకుని, "వేడిగా ఉంది, చేతులు కాలతాయి," అంది.

ఇంజనీరమ్మ టేపు చుట్టుకుంది. "స్వభావం చూశానండీ," అంది అధ్యక్షులవారితో. "ఇంటికి రెండు కుటుంబాలు. మీరన్నట్టే తరతరాలుగా ఉన్నట్టున్నాయి. ఇంకొక పొయ్యి వల్ల దీనికేం భంగం కలుగుతుందో నాకైతే కనపడలేదు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మిగతావాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోండి. పాతవాటికి గడువిస్తారు. కూల్చడానికి మాకు మనుషులు కూడా లేరు."

తర్కశాస్త్ర లెక్చరరుకు తర్కంలో ఓడిపోవడం కొత్త. కానీ ఆయన ముఖంలో ఓటమి కనబడలేదు. ఏళ్ల తరబడి మోస్తున్న బావమరిదిని కాసేపు కింద దించినట్టు కనబడింది. "భోంచేసి వెళ్లండమ్మా," అన్నారు ఇంజనీరమ్మతో. ఆమె ఆరోజు ఎవరింట్లో తిన్నదో చెప్పను. అత్తయ్య చేతి వంట కాదని మాత్రం చెప్పగలను.

అనుమతి నెలాఖరుకు ముందే వచ్చింది. అత్తయ్య కొత్త క్యాంటీన్ వాళ్లకు ఫోన్ చేసి రానని చెప్పింది. షెడ్డు గోడలు కాస్త ఎత్తు చేశారు, నీళ్ల గొట్టం వేశారు, వంటగట్టు కట్టారు. పొయ్యి కొనడానికి అన్నయ్య, వదిన, అత్తయ్య ముగ్గురూ వెళ్లారు. షాపువాడు నాలుగు బర్నర్లది చూపించి, "వంట బాగా చేసేవాళ్లు ఇదే తీసుకుంటారండీ," అన్నాడు. అత్తయ్య, "అలాంటివి నాకు పొద్దంతా కనబడతాయి నాయనా. ఒక్కటున్నది చూపించు," అంది.

మొదటిరోజు పొద్దున్న ఆవిడ ఏ కిటికీ వైపూ చూడకుండా టీ పెట్టుకుంది. కాసేపటికి వదిన వచ్చి గుమ్మం బయట నిలబడింది. అంతకుముందు చీపురు పుచ్చుకుని తిన్నగా లోపలికి వచ్చేసే మనిషి.

"అక్కడే నిలబడ్డావేంటి?" అంది అత్తయ్య.

"నీ ఇల్లు కదా. పిలవాలి."

"రా."

వదిన వచ్చింది. మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చుంది. వందల మందికి గుక్క తిప్పుకోకుండా టీ కాచే అత్తయ్యకు ఇద్దరికి ఎన్ని నీళ్లు పోయాలో అంచనా అందలేదు. టీ నీళ్లలా వచ్చింది. వదిన రెండు గుక్కలు తాగి, ఏమీ అనలేదు. అత్తయ్య కూడా ఏమీ అడగలేదు. ఇద్దరికీ ఈ విద్యలో మంచి అభ్యాసముంది.

దరఖాస్తులన్నీ ఒక్కొక్కటే మంజూరవుతూ వచ్చాయి. దానితో ఎవరూ ఊహించని పరిణామం ఒకటి జరిగింది. సంఘం నియమావళి ప్రకారం పొయ్యికొక ఓటు. అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడేసరికి వీధిలో ఓటర్లు రెట్టింపయ్యారు, అందులో సగం మంది నిన్నటిదాకా లేనివారు. డాక్టరమ్మ పోటీకి దిగింది. బావమరిది ఎటు వేస్తాడో తెలియదని వినికిడి.

అధ్యక్షులవారు చొక్కా ఇస్త్రీ చేయించుకుని అత్తయ్య ఇంటికి వచ్చారు. తలుపు తెరిచే ఉన్నా కొట్టారు.

"నమస్కారమమ్మా. మీ ఓటు విషయం ఒకసారి..."

"కూర్చోండి," అంది అత్తయ్య. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. వీధికి తన సేవల గురించి చెప్పారు. కుళాయి గురించి, దీపాల గురించి చెప్పారు. ఆరోజు అభ్యంతరం చెప్పడంలో వ్యక్తిగతం ఏమీ లేదని చెప్పారు. అత్తయ్య గట్టు దగ్గర నిలబడి అంతా విన్నది. గిన్నెలో నీళ్ల చప్పుడు మారగానే మంట తగ్గించింది.

"ఆలోచించి చెప్తానండీ," అంది చివరకు.

"ఎప్పటికి..."

"చెప్తాను. ముందు టీ తాగండి."

ఇంతకుముందు ఆవిడ ఆలోచన కోసం ఈ వీధిలో ఎవరూ కాచుకుని కూర్చోలేదు. అధ్యక్షులవారు కూర్చున్నారు. టీ ఈసారి చిక్కగా వచ్చింది. ఆయన ఇంకో కప్పు అడిగారు. ఆవిడ, "మళ్లీ పెట్టాలి, ఆలస్యమవుతుంది," అంటూ పొయ్యి వెలిగించింది.